జీర్ణాశయపు గోడలో గడ్డ: పుట్టుక తేలితేనే వైద్యం

గ్యాస్ అనో, మంట అనో, ఒంట్లో రక్తం తగ్గిందనో ఎండోస్కోపీ చేయించుకున్న మనిషి చేతికి ఒక రిపోర్టు వస్తుంది. జీర్ణాశయం లోపలి పొర నున్నగా, మామూలుగానే ఉందని, దాని కింద నుంచి మాత్రం ఏదో గుండ్రంగా ఉబ్బి కనిపిస్తోందని అందులో ఉంటుంది. 'సబ్‌మ్యూకోజల్ లీజన్' అనో, 'సబ్‌ఎపిథీలియల్ లీజన్' అనో రాస్తారు. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే కొన్నాళ్లకు 'క్యాన్సర్ కణాలేవీ కనిపించలేదు' అని ఫలితం వస్తుంది. ఇంటిల్లిపాదీ తేలిక పడతారు. గడ్డ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

బయాప్సీ అబద్ధం చెప్పిందని కాదు, అసలు గడ్డను తాకనే లేదు. జీర్ణాశయం గోడలో చాలా పొరలుంటాయి. ఆహారం తగిలే లోపలి పొర, దాని కింద రక్తనాళాలూ కొవ్వూ ఉండే మెత్తటి పొర, ఆ తర్వాత మందమైన కండ, అన్నిటికన్నా బయట పల్చటి తొడుగు. ఎండోస్కోప్‌లోంచి దూర్చే చిన్న పట్టకారు సాధారణంగా లోపలి పొరను మాత్రమే గిల్లి తెస్తుంది. గడ్డేమో ఆ పొర కిందో, ఇంకా లోతున కండలోనో ఉంటుంది. పైపొర బాగానే ఉంది కాబట్టి రిపోర్టూ బాగానే వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక కొందరు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతారు. ఇంకొందరు హడలిపోయి మర్నాడే ఆపరేషన్‌కు సిద్ధమంటారు. రెండూ తొందరపాటు పనులే.

మామూలుగా 'కడుపు క్యాన్సర్' అని చెప్పుకునేది లోపలి పొర కణాల్లో పుట్టేది. డాక్టర్లు దాన్ని ఎడినోకార్సినోమా అంటారు. జీర్ణాశయ క్యాన్సర్లలో నూటికి 90కి పైగా అవే. ఈ వ్యాసం వాటి గురించి కాదు. గోడలోని కండ, కొవ్వు, రక్తనాళాలు, నరాల తొడుగు, వీటన్నిటినీ పట్టి ఉంచే కణజాలం, వీటి నుంచి వచ్చే కణితుల కుటుంబం వేరే ఉంది. వాటిని మెసెంకైమల్ కణితులంటారు. ఇందులో ముట్టుకోకుండా వదిలేసినా ఏమీ చేయనివి ఉన్నాయి. కాలేయానికి పాకి ప్రాణం తీసేవీ ఉన్నాయి. ఎండోస్కోపీ తెర మీద మాత్రం అన్నీ దాదాపు ఒకేలా, నున్నటి ఉబ్బుగా కనిపిస్తాయి. అందుకే ఏ కణం నుంచి పుట్టిందో తేలకుండా ఈ గడ్డలకు సరైన వైద్యం లేదు.

ఈ మాట ఇవాళ తేలిగ్గా చెప్పగలుగుతున్నాం కానీ, వైద్యులకు ఇది అంత సులభంగా తెలియలేదు. 1980ల దాకా జీర్ణాశయపు గోడలో దారాల్లాంటి పొడవాటి కణాలతో కనిపించిన గడ్డలన్నిటినీ కండ కణితులుగానే లెక్కేశారు. మంచివైతే లియోమయోమా, చెడ్డవైతే లియోమయోసార్కోమా. 1962లో అమెరికన్ పెథాలజిస్టు ఆర్థర్ పర్డీ స్టౌట్ కొన్ని గడ్డలు వింతగా ఉన్నాయని గమనించి, వాటిని విచిత్రమైన కండ కణితులుగా వర్ణించాడు. కండ కాదేమోనన్న అనుమానం బలపడింది మాత్రం 1983లో. మజూర్, క్లార్క్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే వీటిలో చాలావాటికి కండ లక్షణాలు సరిగా లేవు, నరాల లక్షణాలూ సరిగా లేవు. ఏదీ తేలక, 'స్ట్రోమల్ ట్యూమర్' అనే మధ్యస్థపు పేరు పెట్టారు.

ముడి విప్పింది జపాన్‌లో. 1998లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన సీయిచి హిరోటా, యుకిహికో కితామురా బృందం 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఈ గడ్డల కణాల్లో కిట్ అనే జన్యువు చెడిపోయి ఉందని అందులో చూపించారు. కిట్ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కణం పైపొర మీద ఉంటుంది. బయటి నుంచి సంకేతం అందినప్పుడు మాత్రమే 'పెరుగు, విభజన చెందు' అని లోపలికి ఆదేశం పంపాలి. జన్యువు చెడితే బయటి సంకేతం లేకుండానే ఆదేశం వెళ్తూ ఉంటుంది. వేలు తీసినా ఆగకుండా మోగే కాలింగ్ బెల్ లాంటి పరిస్థితి అది. అదే ఏడాది స్వీడన్‌కు చెందిన కిండ్‌బ్లామ్ బృందం ఈ గడ్డ కణాలు కహాల్ కణాలను పోలి ఉన్నాయని నిరూపించింది.

కహాల్ కణాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1906లో నోబెల్ బహుమతి అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రామోన్ ఇ కహాల్ 19వ శతాబ్దం చివర్లోనే పేగుల గోడల్లో వీటిని చూసి వర్ణించాడు. అవి ఒకరకం నరకణాలని ఆయన అనుకున్నాడు. నిజానికి అవి జీర్ణనాళానికి లయ ఇచ్చే కణాలు. జీర్ణాశయం నిమిషానికి సుమారు మూడుసార్లు అలలుగా ముడుచుకుని తిన్నదాన్ని కలుపుతుందంటే ఆ తాళం వేసేది ఇవే. ఆ కణాలు, లేదా వాటికి పూర్వరూపమైన కణాలు, అదుపు తప్పితే వచ్చేదే గ్యాస్ట్రో ఇంటెస్టినల్ స్ట్రోమల్ ట్యూమర్. ఆస్పత్రుల్లో అందరూ 'జిస్ట్' అంటారు.

జీర్ణాశయంలో వచ్చే మెసెంకైమల్ కణితుల్లో ఎక్కువ భాగం జిస్ట్‌లే. జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు కానీ, పదింటిలో ఆరు జీర్ణాశయంలోనే వస్తాయి, మూడు చిన్నపేగులో. వివిధ దేశాల లెక్కల ప్రకారం ఏటా పది లక్షల మందికి 10 నుంచి 15 కొత్త కేసులు బయటపడతాయి. ఎక్కువగా అరవైల వయసు వారిలో కనిపిస్తాయి. ఇది అరుదైన జబ్బే. కానీ చిన్నచిన్న జిస్ట్‌లు అరుదు కావు. జర్మనీలో 50 దాటిన వారి మృతదేహాలను పరీక్షించినప్పుడు దాదాపు 22 శాతం మంది జీర్ణాశయాల్లో కొన్ని మిల్లీమీటర్ల జిస్ట్‌లు కనిపించాయి. ఆ మనుషులెవరికీ అవి ఉన్నట్టే తెలియదు. అంటే వీటిలో అత్యధికం ఎదగకుండానే ఉండిపోతాయి. కొన్నే ఎందుకో ముందుకు సాగి ప్రమాదకరమవుతాయి.

ఎదిగిన గడ్డ ఎక్కువగా రక్తస్రావంతో బయటపడుతుంది. గడ్డ మీది పొర ఒకచోట పుండు పడి, కొంచెం కొంచెంగా రక్తం కారుతుంది. అది జీర్ణరసాలతో కలిసి మలం నల్లగా, జిగటగా, ఘాటైన వాసనతో వస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ మలం నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పడం మంచిది. కొందరిలో కంటికి కనిపించేంత రక్తం పోదు. ఊరికే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ అని వస్తుంది. ఐరన్ టానిక్‌లతో నెలలు గడిచిపోతాయి. వయసు మీరిన మగవారిలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో కారణం లేకుండా రక్తం తగ్గితే జీర్ణనాళంలో ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాల్సిందే. ఇది జిస్ట్ కోసమే కాదు, మామూలు క్యాన్సర్ కోసమూ తప్పనిసరి. రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుండటం, పైపొట్టలో బరువు, చేతికి గడ్డ తగలడం ఇతర సూచనలు. ఏ బాధా లేకుండా వేరే దేనికో చేసిన స్కాన్‌లో దొరికేవీ తక్కువేమీ కాదు.

జిస్ట్ కాని మిగతా గడ్డల్లో లియోమయోమా నిజమైన కండ కణితి. అన్నవాహికలో ఎక్కువ, జీర్ణాశయంలో అన్నవాహిక వచ్చి కలిసే చోటుకు దగ్గరగా కనిపిస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది, పాకదు. బాధ పెట్టకపోతే దాన్ని వదిలేయవచ్చు. కండ నుంచే పుట్టే చెడ్డ కణితి లియోమయోసార్కోమా ఇప్పుడు జీర్ణాశయంలో చాలా చాలా అరుదు. పాత రోజుల్లో ఆ పేరుతో రాసిన కేసుల్లో ఎక్కువ భాగం జిస్ట్‌లేనని తర్వాత తేలింది.

ష్వానోమా నరాల తొడుగు కణాల నుంచి వస్తుంది. జీర్ణనాళంలో దీనికి ఇష్టమైన చోటు జీర్ణాశయమే. మైక్రోస్కోపు కింద గడ్డ చుట్టూ లింఫ్ కణాలు వలయంగా చేరి ఉండటం దీని గుర్తు. ఇది దాదాపు ఎప్పుడూ మంచి గడ్డే. చిక్కేమిటంటే పెట్ స్కాన్‌లో ఇది కూడా బాగా వెలుగుతుంది. 'పెట్‌లో వెలిగింది కాబట్టి క్యాన్సరే' అని రోగిని కుంగదీసే సందర్భాలకు ఇది ఒక కారణం. పెట్ వెలుగు కణం చురుకుదనాన్ని చెబుతుంది, జాతిని చెప్పదు. పూర్తిగా తీసేస్తే ష్వానోమా కథ అక్కడితో ముగుస్తుంది, ఏ మాత్రా అక్కర్లేదు.

కొవ్వు గడ్డ లైపోమాను గుర్తించడం తేలిక. ఎండోస్కోపీలో పసుపు ఛాయతో కనిపిస్తుంది, పట్టకారుతో నొక్కితే మెత్తగా లోపలికి దిగి మళ్లీ పైకి వస్తుంది, సీటీ స్కాన్‌లో కొవ్వు సాంద్రత సూటిగా తెలిసిపోతుంది. రక్తస్రావమో అడ్డంకో కలిగిస్తే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. గ్లోమస్ కణితి రక్తనాళాలకు చెందింది, జీర్ణాశయం కింది భాగంలో, స్త్రీలలో ఎక్కువగా వస్తుంది. సూదితో పొడిస్తే బాగా రక్తం వస్తుంది కాబట్టి ముందే అనుమానించడం అవసరం. 1949లో వానెక్ అనే వైద్యుడు వర్ణించిన ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిప్, 2007 తర్వాత విడిగా గుర్తింపు పొందిన ప్లెక్సిఫార్మ్ ఫైబ్రోమిక్సోమా కూడా ఆ కింది భాగంలోనే వచ్చే మంచి గడ్డలు. పిల్లల్లో, యువతలో అరుదుగా ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్ వస్తుంది. అందులో సగానికి పైగా కేసుల్లో ఆల్క్ అనే జన్యువు తేడాగా ఉంటుంది, ఆ జన్యువును అడ్డుకునే మందులు పనిచేస్తాయి. హెచ్‌ఐవీ ముదిరిన వారిలో కపోసి సార్కోమా జీర్ణాశయంలోనూ కనిపించవచ్చు. దానికి వైద్యం హెచ్‌ఐవీ మందులతోనే మొదలవుతుంది.

ఇన్ని రకాల్లో ఏదో తేల్చేదెలా? మొదటి సాధనం ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, ఆస్పత్రి భాషలో ఈయూఎస్. ఎండోస్కోపు కొసన చిన్న అల్ట్రాసౌండ్ యంత్రం ఉంటుంది. అది లోపలి నుంచే గోడ పొరలన్నీ విడివిడిగా చూపిస్తుంది. ఈయూఎస్ లెక్కలో గడ్డ కొవ్వుండే మూడో పొరలో ఉందా, కండ ఉండే నాలుగో పొరలో ఉందా అనేది కనిపిస్తుంది. మూడో పొరలో తెల్లగా మెరిస్తే లైపోమా. నాలుగో పొరలో నల్లగా ఉంటే జిస్ట్, లియోమయోమా, ష్వానోమా మూడింటిలో ఏదైనా కావచ్చు. అప్పుడు ఆ యంత్రం దారి చూపిస్తుండగానే సన్నటి సూదిని గడ్డలోకి దించి నమూనా తీస్తారు. హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద నగరాల్లోనూ ఈ పరీక్ష ఇప్పుడు అందుబాటులో ఉంది. అంతకుముందే సీటీ స్కాన్ తీసి గడ్డ పరిమాణం, కాలేయంలో ఏమైనా మచ్చలున్నాయేమో చూస్తారు.

నమూనా పెథాలజీ ల్యాబుకు చేరాక అసలు పరీక్ష ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, క్లుప్తంగా ఐహెచ్‌సీ. కణాల మీదున్న ప్రొటీన్లకు రంగు వేసి చూస్తారు. కిట్ ప్రొటీన్‌కు గుర్తయిన సీడీ117 దాదాపు 95 శాతం జిస్ట్‌లలో రంగు పట్టుకుంటుంది. 2004లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కనుగొన్న డాగ్1 ఇంకో నమ్మకమైన గుర్తు, సీడీ117 పట్టని కొన్ని జిస్ట్‌లను కూడా ఇది పట్టిస్తుంది. డెస్మిన్ పట్టి సీడీ117 పట్టకపోతే లియోమయోమా. ఎస్100 గట్టిగా రంగు పట్టుకుంటే ష్వానోమా. ఎండోస్కోపీ తెర మీద ఒకేలా కనిపించిన మూడు గడ్డల దారులు ఇక్కడ విడిపోతాయి.

ఇంకో మెట్టు జన్యుపరీక్ష. జిస్ట్‌లలో నాలుగింట మూడు వంతులు కిట్ జన్యువు చెడటం వల్ల వస్తాయి. అందులో ఎక్సాన్ 11 అనే భాగంలో చెడినవే ఎక్కువ. పది శాతం దాకా పీడీజీఎఫ్‌ఆర్‌ఏ అనే చుట్టపు జన్యువు చెడినవి ఉంటాయి. ఈ సంగతి 2003లో తెలిసింది. ఈ రెండూ బాగున్నవాటిలో ఒక ముఖ్యమైన గుంపు ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవి. ఇవి జీర్ణాశయంలోనే వస్తాయి, పిల్లల్లో, చిన్న వయసు స్త్రీలలో ఎక్కువ. మిగతా జిస్ట్‌లకు భిన్నంగా లింఫ్ గ్రంథులకు పాకుతాయి. ఒక్కోసారి ఇతర కణితులతో కలిసి కుటుంబ లక్షణంగా కూడా కనిపిస్తాయి. కాబట్టి ఇరవై ఏళ్ల అమ్మాయికి జీర్ణాశయ జిస్ట్ అని తేలితే ఎస్‌డీహెచ్ పరీక్ష, జన్యు సలహా తప్పనిసరి.

జిస్ట్ అని తేలాక రోగి అడిగే మొదటి ప్రశ్న, ఇది క్యాన్సరా కాదా అని. సూటిగా అవును, కాదు అని చెప్పే జబ్బు కాదిది. ప్రమాదం ఎంత అని లెక్క కట్టాలి. వాషింగ్టన్‌లోని సైనిక దళాల పెథాలజీ సంస్థలో మార్కు మియెటినెన్, యెర్జీ లసోటా వందల కొద్దీ రోగులను ఏళ్ల తరబడి గమనించి ఇచ్చిన లెక్క ఇప్పటికీ ఆధారం. గడ్డ ఎంతుంది, 5 చదరపు మిల్లీమీటర్ల మేర ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయి, ఎక్కడ పుట్టింది, ఈ మూడు చూడాలి. జీర్ణాశయంలో గడ్డ 2 సెంటీమీటర్ల లోపు, విభజనలు 5 లోపు ఉంటే పాకే ప్రమాదం దాదాపు లేదు. 5 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉన్నా విభజనలు 5 లోపే అయితే ప్రమాదం 4 శాతం కూడా లేదు. అదే పరిమాణంలో విభజనలు 5 దాటితే ఏకంగా 55 శాతం. 10 సెంటీమీటర్లు దాటి, విభజనలూ 5 దాటితే 86 శాతం. అదే పరిమాణం ఉన్న గడ్డ చిన్నపేగులో ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. పరిమాణం చూసి ఒకరితో ఒకరు పోల్చుకుని భయపడటంలో అర్థం లేదు. రిపోర్టులో విభజనల సంఖ్య రాయకపోతే మాత్రం ఆ రిపోర్టు అసంపూర్తి.

వైద్యం విషయానికొస్తే, జీర్ణాశయంలో 2 సెంటీమీటర్ల లోపు ఉండి, ఈయూఎస్‌లో అంచులు సరిగా ఉన్న గడ్డను వెంటనే కోయనక్కర్లేదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఈయూఎస్ చేసి చూస్తారు. పెరుగుతుంటే తీస్తారు. 2 సెంటీమీటర్లు దాటిన జిస్ట్‌కు, పాకకుండా ఉన్నంత వరకు, ఆపరేషనే అసలైన వైద్యం.

ఈ ఆపరేషన్ మామూలు జీర్ణాశయ క్యాన్సర్ ఆపరేషన్ లాంటిది కాదు. అక్కడ జీర్ణాశయం చాలా భాగం, చుట్టూ లింఫ్ గ్రంథులు తీసేస్తారు. జిస్ట్ సాధారణంగా గ్రంథులకు పాకదు కాబట్టి గడ్డ, దాని చుట్టూ కొంచెం మంచి గోడ తీస్తే చాలు. చాలామందికి లాప్రోస్కోపీతోనే అయిపోతుంది, జీర్ణాశయం దాదాపు మిగులుతుంది. కానీ సర్జన్ ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. గడ్డ పగలకూడదు. పగిలి లోపలి కణాలు పొట్టలో చిందితే తిరిగి వచ్చే ప్రమాదం బాగా పెరిగిపోతుంది. అందుకే గడ్డను పట్టకారుతో నేరుగా పట్టకుండా, సంచిలో వేసి బయటికి తీస్తారు. లోపలి నుంచి ఎండోస్కోపు, బయటి నుంచి లాప్రోస్కోపు కలిసి పనిచేసే పద్ధతి 2008లో జపాన్ నుంచి వచ్చింది. అన్నవాహిక కలిసే ఇరుకైన చోట గడ్డ ఉన్నప్పుడు గోడను అవసరమైనంత మేరకే తీయడానికి అది సాయపడుతుంది. చిన్న గడ్డలను కోత లేకుండా ఎండోస్కోపుతోనే తీసే పద్ధతులు చైనా, జపాన్‌లలో పెరిగాయి, మన దగ్గరా చేస్తున్నారు. గడ్డను పగలకుండా పూర్తిగా తీయగల అనుభవం ఉన్న చేతులకే వాటిని అప్పగించాలి.

అసలు విప్లవం మాత్రం మాత్ర రూపంలో వచ్చింది. 2000కు ముందు పాకిన జిస్ట్‌కు చికిత్స లేదన్నా తప్పు లేదు. కీమోథెరపీ నూటికి పదిమందికి కూడా పనిచేసేది కాదు, రేడియేషన్‌తో పెద్దగా ఉపయోగం లేదు. ఫిన్లాండ్‌లో యాభై ఏళ్ల ఒక స్త్రీకి 1996లో జీర్ణాశయంలో గడ్డలు తీశారు. జబ్బు మళ్లీ వచ్చింది, కాలేయానికి పాకింది, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు జరిగాయి, కీమో ఇచ్చారు, ఏదీ ఆపలేకపోయింది. అప్పటికే ఒకరకం రక్త క్యాన్సర్ మీద అద్భుతంగా పనిచేస్తున్న ఎస్‌టీఐ571 అనే ప్రయోగ దశ మందు కిట్ ప్రొటీన్‌ను కూడా అడ్డుకుంటుందని ల్యాబుల్లో తెలిసింది. హెల్సింకీ వైద్యుడు హెయిక్కి యోయెన్సూ 2000 మార్చిలో ఆమెకు రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఆ మందు మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి పెట్ స్కాన్‌లో గడ్డల వెలుగు ఆరిపోయింది. ఎనిమిది నెలలకు గడ్డల వైశాల్యం నాలుగింట మూడొంతులు తగ్గింది. ఒక్క రోగి కథతో రాసిన ఆ వ్యాసం 2001లో అచ్చయింది. ఆ మందే ఇమాటినిబ్. 2002 ఫిబ్రవరిలో అమెరికాలో జిస్ట్‌కు అనుమతి వచ్చింది. అంతకుముందు ఏడాదో ఏడాదిన్నరో బతికే రోగులు సగటున ఐదేళ్ల దగ్గరికి చేరారు. కొందరు పదేళ్లు దాటారు.

పాకిన జిస్ట్‌లో ఇమాటినిబ్ జబ్బును అణచి ఉంచుతుంది, సాధారణంగా వేళ్లతో పెకిలించదు. ఫ్రాన్స్‌లో మందు బాగా పనిచేస్తున్న రోగుల్లో కొందరికి ఏడాది తర్వాత, కొందరికి మూడేళ్ల తర్వాత మందు ఆపి చూశారు. ఎక్కువమందిలో జబ్బు తిరగబెట్టింది. అందుకే పాకిన జిస్ట్‌కు మాత్ర పనిచేస్తున్నంత కాలం ఆపరు. ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసిన వారి సంగతి వేరు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి మళ్లీ రాకుండా మూడేళ్లు ఇస్తారు. ఉత్తర ఐరోపా దేశాల్లో, జర్మనీలో 400 మంది మీద జరిగిన పరీక్షలో మూడేళ్లు వేసుకున్న వారిలో ఐదేళ్ల తర్వాత 92 శాతం మంది జీవించి ఉన్నారు. ఏడాదే వేసుకున్న వారిలో ఆ లెక్క 82 శాతం. ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత ఈ మాత్ర అవసరమే లేదు. గడ్డ పెద్దదై, తీస్తే జీర్ణాశయం మొత్తం పోయేలా ఉంటే కొన్ని నెలలు ముందే మాత్ర ఇచ్చి, కుదించి, తర్వాత తీస్తారు.

జన్యుపరీక్ష విలువ ఇక్కడే తెలుస్తుంది. కిట్ ఎక్సాన్ 11లో తేడా ఉన్నవారికి 400 మిల్లీగ్రాములు బాగా పనిచేస్తుంది. ఎక్సాన్ 9 వారికి పాకిన జబ్బులో ఎక్కువ మోతాదు, 800 దాకా, ఇవ్వాల్సి వస్తుంది. పీడీజీఎఫ్‌ఆర్‌ఏలో డీ842వీ అనే తేడా ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు. ఈ తేడా ఎక్కువగా జీర్ణాశయపు జిస్ట్‌లలోనే కనిపిస్తుంది. ఆ రోగి నెలల తరబడి వేసుకున్న మాత్రలన్నీ వృథా. వారి కోసమే 2020లో అవాప్రిటినిబ్ వచ్చింది, అది ఎక్కువమందిలో గడ్డలను కుదిస్తోంది. ఎస్‌డీహెచ్ లోపం ఉన్నవారికీ ఇమాటినిబ్ అంతగా పనిచేయదు. కొంతకాలానికి కణాలు కొత్త తేడాలు తెచ్చుకుని ఇమాటినిబ్‌కు లొంగకపోతే, రెండో మెట్టులో సునిటినిబ్, మూడో మెట్టులో రెగోరాఫెనిబ్, నాలుగో మెట్టులో రిప్రెటినిబ్ ఉన్నాయి.

మందు పనిచేస్తోందా లేదా అని స్కాన్ చూసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. మొదటి నెలల్లో గడ్డ లోపల మెత్తబడి, నీరు చేరి, కొలత కొంచెం పెరిగినట్టు కనిపించవచ్చు. నిజానికి అది చస్తున్న గడ్డ. కొలత ఒక్కటే కాకుండా సీటీలో సాంద్రత తగ్గిందా అని కూడా చూడాలని 2007లో హేసున్ చోయి బృందం చెప్పింది. జిస్ట్ అలవాటున్న రేడియాలజిస్టు చూస్తే తేడా వెంటనే పట్టేస్తాడు.

ఈ మాత్ర కథలో తెలుగువారు గర్వించదగిన ఘట్టం ఒకటుంది. నోవార్టిస్ కంపెనీ 'గ్లివెక్' పేరుతో అమ్మిన ఇమాటినిబ్ భారత్‌లో అప్పట్లో నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు ఉండేది. నాట్కో ఫార్మా సహా దేశీ కంపెనీల జెనరిక్ మందు ఎనిమిది నుంచి పదివేలకే దొరికేది. నోవార్టిస్ పేటెంట్ కోరినప్పుడు అభ్యంతరం చెప్పిన వారిలో క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్‌తో పాటు హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటిరో కంపెనీలు ఉన్నాయి. 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. పాత మందును కొత్త స్ఫటిక రూపంలోకి మార్చినంత మాత్రాన, వైద్యపరమైన మేలు పెరిగిందని చూపకుండా పేటెంట్ ఇవ్వకూడదన్నది మన చట్టంలోని 3(డి) సెక్షన్. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ధర్మాసనం నోవార్టిస్ అప్పీలును కొట్టేసింది. నోవార్టిస్ చాలామంది భారత రోగులకు మందు ఉచితంగా ఇచ్చిన మాట కూడా నిజమే. కానీ ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఒక కంపెనీ దయ మీద ఆధారపడటం వేరు, మందుల షాపులో కొనగలిగే ధరకు దొరకడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇమాటినిబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మాత్రతో కళ్ల చుట్టూ, కాళ్లలో వాపు, కండరాలు పట్టేయడం, వికారం, విరేచనాలు, చర్మం మీద దద్దుర్లు రావచ్చు. భోజనంతో పాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. రక్తకణాలు, కాలేయం పరీక్షలు అప్పుడప్పుడూ అవసరం. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ ఈ మందు ప్రభావాన్ని తగ్గిస్తాయి, కొన్ని ఫంగస్ మందులు పెంచుతాయి. అందుకని వేసుకునే ప్రతి మందూ, నాటు మందైనా సరే, డాక్టరుకు చెప్పాలి. గర్భం దాల్చే వయసు స్త్రీలు ఈ మందు వాడుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

జీర్ణాశయంలో గడ్డ ఉందని తెలిసిన ప్రతి కుటుంబం డాక్టరును అడగాల్సినవి ఇవి: గడ్డ ఏ పొరలో ఉంది, ఐహెచ్‌సీలో ఏం తేలింది, విభజనలు ఎన్ని, ఆపరేషన్‌లో గడ్డ పగిలిందా, జన్యుపరీక్ష చేశారా. చాలా ఏళ్ల కిందట 'లియోమయోసార్కోమా' అని రాసిచ్చిన పాత రిపోర్టు ఉన్నవారు ఆ స్లైడ్‌లు మళ్లీ పరీక్ష చేయించుకోవడం మంచిది. పెథాలజీ ల్యాబు ఇచ్చే మైనపు బ్లాకులను పారేయకుండా భద్రంగా దాచండి, రేపు జన్యుపరీక్షకు అవే కావాలి. ఇమాటినిబ్ వాడుతున్నవారు కళ్లు ఉబ్బాయనో, ఒంట్లో బాగుందనో, షాపులో స్టాకు లేదనో ఒక్కరోజు కూడా సొంతంగా ఆపకండి. ముందు మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి.